నత్త పేజీ, గబ్బిలం పేజీ

మొన్న తొలకరి పడిన మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టే చోటికి దిగాను. మెట్ల మలుపు తిరగ్గానే ఆ వాసన ముక్కుకు తగిలింది. తడిసిన గోనె, పాత సున్నం, వాటితో కలిసి ఉప్పగా, ఘాటుగా ఇంకేదో. ఆ వాసన పీల్చి నలభై ఏళ్ళు దాటింది. అయినా ముక్కు మరిచిపోలేదు. రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. స్తంభం మీద కింది నుంచి పైకి నత్త నడిచిన జాడ మెరుస్తోంది. పైన నీటి గొట్టం పక్కన, లైటు వెలుగు అందని మూలలో, రెండు గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. నా వెనకే వచ్చిన వాచ్‌మన్ వాటిని చూసి, సాయంత్రం పొగ పెట్టించేస్తానన్నాడు. "పెట్టొద్దు" అన్నాను, కాస్త గట్టిగానే. ఈ నేల మీద ఒకప్పుడు మిల్లు ఉండేదని అతనికి తెలుసు. తమిళనాట మిల్లులకు పేరుపడ్డ మా పీలమేడులో ఏ నేల తవ్వినా ఏదో ఒక మిల్లు పునాది తగులుతుంది. కానీ ఆ మిల్లు వెనక పాడుబడ్డ పత్తి గోడౌను సరిగ్గా ఎక్కడ ఉండేదో అతనికి తెలియదు. నాకు తెలుసు. ఆండాళత్త పడిపోయింది అక్కడే.

ఆండాళత్త నాకు రక్తసంబంధం కాదు. మిల్లు లైన్లలో, అంటే పనివాళ్ళకు కట్టిన వరస ఇళ్ళలో, మాకు రెండిళ్ళ అవతల ఒక్కతే ఉండేది. ఆ లైన్లలో అందరిదీ తెలుగే. ఎన్ని తరాల కింద ఎక్కడి నుంచి వచ్చామో మా తాతనడిగినా నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మిల్లులో రెండూ కలిపిన కిచిడీ. మిల్లు సంగు కూస్తే లేవడం, సంగు కూస్తే వండడం, సంగు కూస్తే మగవాళ్ళు ఇంటికి రావడం. సంగంటే షిఫ్టు మారేటప్పుడు మోగే సైరను. అత్త పదకొండేళ్ళు ఆ మిల్లులోనే రింగ్ ఫ్రేముల మధ్య నూలు తీసింది. ఆ ఫ్రేముల హోరులో మొదట సన్నని శబ్దాలు పోయాయట, తర్వాత పిల్లల గొంతులు, చివరికి సంగు కూడా. సంగు మోగుతున్నప్పుడు నేల మీద చెప్పుల్లేకుండా నిలబడితే మాత్రం అరికాళ్ళకు తెలిసేదట. చెవులు పూర్తిగా పోయాక ఎవరో పుణ్యాత్ముడు చెప్పి మా కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అటెండరుగా పెట్టించాడు. సీసాల్లో పాములకూ కప్పలకూ చెవిటిదైతేనేం అని కాబోలు.

ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేసేది. తను మాట్లాడేటప్పుడు మాత్రం కుడిచేతి రెండు వేళ్ళు గొంతు మీద ఆనించుకునేది. గొంతు అదిరితే మాట బయటికి వచ్చినట్టు. అయినా నమ్మకం చాలక, మనిషిని చూసి అడిగేది.

"సత్తం వచ్చిందా కణ్ణు?"

శబ్దం వచ్చిందా కన్నా అని. నేను తల ఊపేదాన్ని. ఊరందరినీ అడగదు, నన్నే అడుగుతుంది. ఆ సంగతి తలుచుకుంటే అప్పట్లో కొంచెం గర్వంగా కూడా ఉండేది. "చెవి పోయె, పోనీ. గొంతుండాది గదా. అదీ పోతే నేనూ ఈ నత్తా ఒకటే" అనేది, కిటికీలో గాజుసీసా చూపించి. ఆ సీసాలో బొటనవేలంత నత్త ఒకటి చిప్పలోకి ముడుచుకుని, వాకిలికి తెల్లటి పొర కట్టుకుని ఉండేది. నేను కాలేజీలో చేరిన నాటి నుంచీ అది కదలగా చూడలేదు.

మా లైన్ల నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేను. ఆ తెగువంతా గడప దగ్గరే ఆగిపోయింది. లోపల ఇంగ్లీషు పుస్తకాలు చూసి బెదిరిపోయి, బొమ్మలు కాపీ కొట్టి రికార్డు నింపేదాన్ని. అత్త ఒకరోజు నా రికార్డు తిరగేసి మూసి పక్కన పడేసింది. తన బీరువాలోంచి ఒక బైండు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. ఎడమ పేజీల్లో నత్త, కుడి పేజీల్లో గబ్బిలం. రాసిందంతా తెలుగు అక్షరాల్లో. వాళ్ళ నాన్న నేర్పాడట. నాకు అప్పటికి నా పేరు తప్ప తెలుగులో ఒక్క ముక్క చదవడం రాదు.

"ఎవురన్నా నత్తనూ గబ్బిలాన్నీ పక్కపక్కన పెడతారా అత్తా? ఒకటి నేల మింద, ఒకటి గాల్లో."

"నువ్వు పెట్టి చూడు. ఒకే తీరువి రెండు పెడితే కండ్లు నిద్దర పోతాయి. పొత్తు లేనివి పెడితేనే చూస్తాయి."

అలా మొదలైంది నా చదువు. అసలైంది.

ఆ శనివారమే గోడౌనుకు తీసుకుపోయింది. రేకుల కప్పు సగం కూలిన పొడవాటి కొట్టం అది, ఇనుప తలుపు తుప్పుపట్టి సగంలో నిలిచిపోయింది. పట్టపగలే లోపల మసక. మా లైన్ల వాళ్ళు అటువైపు పోరు. పత్తి బేళ్ళ కింద పడి చచ్చిపోయినవాడు ఒకడు, గోడౌనువాడు, దయ్యమై అక్కడ ఉన్నాడని, పేరు పెట్టి పిలుస్తాడని చెప్పుకునేవాళ్ళు. నేను అత్త చీర కొంగు పట్టుకుని అడుగులో అడుగు వేశాను. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పైన వాసాలకు వేలాడుతున్నవి కనిపించాయి. ఇరవై దాకా ఉంటాయి. తోక లేదు, పెద్ద కళ్ళు, తలకు మించిన చెవులు. ఆ రెండు చెవులూ నుదుటి మీద ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. నా చెప్పు కింద ఎండుటాకు ఒకటి నలిగింది. అంతే, ఆ చెవులన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. గబ్బిలాలు కదలలేదు, చెవులు మాత్రమే కదిలాయి. నేను అత్త వెనక్కి నక్కాను. అత్త మాత్రం దర్జాగా తల పైకెత్తి చూస్తోంది.

వాటి కింద నేల మీద ఒక కుప్ప. పురుగుల రెక్కలు, కప్పల కాళ్ళు, బల్లి తోకలు, పిచ్చుక ఈకలు. ఈ జాతి గబ్బిలం చీకట్లో ఊరికే వేలాడుతూ, ఎక్కడ ఏది చిన్న చప్పుడు చేసినా విని పట్టుకొచ్చి, ఇక్కడే తిని, మిగిలింది కింద పడేస్తుందని అత్త చెప్పింది. తర్వాత నన్ను ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చోబెట్టింది.

"ఏమి లేదో చెప్పు."

ఎంత చూసినా తట్టలేదు. అత్త వేలితో చూపించింది. కుప్ప మీదుగా, ఈకల మీదుగా, మెరిసే జాడలు అడ్డదిడ్డంగా పోయాయి. నత్తలు ఆ పీనుగుల కుప్ప మీదే నడిచి గోడెక్కాయి. కానీ కుప్పలో ఒక్క నత్త చిప్ప కూడా లేదు.

"అంత చెవులు పెట్టుకోని, కిందనే పోయేదాన్ని కనుక్కోలేదు జూడు. అడుగు సత్తం లేదు దానికి" అంది. గొంతు మీది వేళ్ళు తీయకుండానే మళ్ళీ అంది. "గబ్బిలం అరస్తానే ఉంటాది, మన చెవికి అందదు. నత్త అరవనే అరవదు. బయట నిలబడినోళ్ళకు రెండూ ఒకటే. సత్తం వచ్చిందా?"

వచ్చిందన్నాను. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఇక్కడ మా లైన్ల కట్టుబాటు ఒకటి చెప్పాలి. వీధిలోంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడో పిలుపుకు గాని పలకకూడదు. మనుషులు మూడుసార్లు పిలుస్తారు. ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదు, దానికి పలికితే వెంట తీసుకుపోతుంది. ఇది మాకు ఉగ్గుపాలతో పోసిన భయం. పాలవాడు, పోస్టుమాను, ఆఖరికి మిల్లు గుమాస్తా కూడా మా వీధిలో అడుగుపెడితే మూడుసార్లు అరిచేవాళ్ళు. కాలేజీలో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నేను మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడేదాన్ని. పొగరుబోతు అనుకునేవాళ్ళు.

మాసి నెలలో, మార్చి ఎండలు ముదురుతున్న ఒక శనివారం, పన్నెండింటికి గోడౌను దగ్గర కలుద్దామంది అత్త. గోడకు అతుక్కుని పొర కట్టుకున్న నత్తలు ఎన్నున్నాయో చూడాలి. నేను జడలో పూలు సరిగా కుదరలేదని అద్దం ముందు జాగు చేసి ఆలస్యంగా వెళ్ళాను. ఇనుప తలుపు బయట అత్త చెప్పులు లేవు. ఉన్నాయేమో, నేను చూడలేదు. చిత్రంగా ఆ వేళప్పుడు గబ్బిలాలన్నీ బయట వేపచెట్టు కొమ్మల్లో, ఎండలో, కలవరంగా వేలాడుతున్నాయి. గోడౌను లోపలి నుంచి సన్నగా దుమ్ము వస్తోంది. తలుపు మీద చేయి వేశాను.

"సరోజా..."

నా పేరు. లోపలి నుంచి. అది నాకు తెలిసిన గొంతు కాదు. బావిలోంచి లాగినట్టు, మధ్యలో తెగిపోయినట్టు ఉంది. రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. దూరంగా మిల్లు ఫ్రేముల హోరు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. రెండోది రాలేదు. తలుపు మీది చేయి నెమ్మదిగా తీసేసి, వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాను. అమ్మతో కూడా చెప్పలేదు. అన్నం తిని పడుకున్నాను. అవును, అన్నం కూడా తిన్నాను.

సాయంత్రం సంగు కూశాక, షిఫ్టు దిగిన ఎవరో దగ్గరి దోవని అటు వస్తూ తలుపు పక్కన ఆడమనిషి చెప్పులు చూసి లోపలికి తొంగిచూశారట. కప్పు దూలం విరిగి అత్త మీద పడింది. కాలు విరిగింది, పక్కటెముకలు చిట్లాయి, కుడిచేయి దూలం కింద ఇరుక్కుపోయింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అలాగే పడి ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో నాన్న, అమ్మ, లైన్లలో ఆడవాళ్ళు అందరూ మంచం చుట్టూ ఉండగా అత్త నన్ను దగ్గరికి పిలిచింది. కుడిచేతికి కట్టు. ఎడమచేతి వేళ్ళు గొంతు మీద పెట్టుకుంది.

"గబ్బిలాలు లేచిపోయినాయి. తలుపు సందులో నీ పావడా అంచు కనపడె. నేను పిలిస్తిని కణ్ణు. మూడుతూర్లు పిలిస్తిని. చెయ్యి ఇరుక్కోని గొంతు పట్టుకోలేకపోతిని. సత్తం వచ్చిందో రాలేదో తెలియలే. నువ్వు వింటివా? ఒకటైనా వింటివా?"

మూడుసార్లు. ఊపిరి ఆడని ఛాతీతో తను మూడుసార్లు పిలిచింది. రెండిటికి గొంతే లేచి ఉండదు. ఆ తేడా తెలుసుకునే దారి తనకు లేదు. ఇదంతా ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. విన్నానంటే, మరి ఎందుకు రాలేదని చుట్టూ ఉన్న పది మొహాలూ అడుగుతాయి. నాన్న కళ్ళు నా మీదే ఉన్నాయి. నోట్లోంచి ఈ మాట వచ్చింది.

"లేదత్తా. నాకేమీ వినపడలే."

ఆమె నా పెదవుల వైపు చాలాసేపు చూసింది. తప్పు చదివానేమోనని మళ్ళీ చెప్పమన్నట్టు గడ్డం ఎత్తింది. మళ్ళీ అదే చెప్పాను. "అట్లనా" అంది. గొంతు మీది వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆండాళత్త నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

డాక్టరు గొంతుకేమీ కాలేదన్నాడు. లైన్లలో వాళ్ళు మాత్రం గోడౌనువాడు ఆమె గొంతు తీసుకున్నాడన్నారు. ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు పిల్లల్ని అవతలి పక్కకు లాక్కునేవాళ్ళు. తీసుకున్నది ఎవరో నాకు తెలుసు. ఒక మనిషికి మిగిలిన ఒక్క దాన్ని, నన్ను సాక్షిగా నమ్మి అడిగితే, లేదని చెప్పి లాగేసింది నేను. రోజూ సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా నిజం చెప్పలేదు. పిరికితనం ఒకసారి లోపలికొచ్చి కూర్చుంటే లేవమన్నా లేవదు.

అత్త ఆ బైండు పుస్తకంలో రాసి చూపించేది. తెలుగులోనే. తమిళంలో రాయమని, అదైతే గబగబా చదువుతానని బతిమాలాను. ఆమె తమిళంలో ఒకే ఒక వాక్యం రాసింది. నీతో మాట్లాడింది తెలుగు, గొంతు పోతే భాష కూడా పోవాలా అని. ఇక నేర్చుకోక తప్పలేదు. పెన్సిలు పట్టుకుని 'నత్త' రాయించింది, 'గబ్బిలం' రాయించింది. ఒత్తు తప్పితే చేతి మీద చురుక్కుమనేలా కొట్టేది. నోరు లేకపోయినా ఆ చేతికి కోపం తగ్గలేదు. ఈ రోజు నేను రాస్తున్న ఈ అక్షరాలన్నీ అలా వచ్చినవే. నా అబద్ధం పెట్టిన భిక్ష ఇది. చదువుకున్నానని ఎవరైనా మెచ్చుకుంటే నాకు మొహం చెల్లదు.

జూలైలో ఆడి నెల సారలు, సన్నటి జల్లులు, మొదలయ్యాయి. పాలక్కాడు కనుమ నుంచి గాలి తుంపర్లను ఈడ్చుకొచ్చి కిటికీలోకి కొట్టే రోజులు. ఒక మధ్యాహ్నం ల్యాబులో అత్త నా చేయి తట్టి సీసా చూపించింది. చచ్చిందనుకున్న నత్త తెల్లటి పొర చివర చిన్నగా పగిలింది. ఆ పొర వంకరగా లేచి, కింద నుంచి బూడిదరంగు మాంసం ముద్ద నెమ్మదిగా బయటికొచ్చి, రెండు కొమ్ములు చాచి, కొమ్ముల చివర కళ్ళతో మా ఇద్దరినీ చూసింది. అన్ని నెలలూ అది లోపల బతికే ఉంది. మేం మాట్లాడుకుంటుంటే పక్కనే, తలుపేసుకుని. నాకు భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. పుస్తకం లాక్కుని నత్త పేజీలో రాశాను. ఎవరూ చెప్పకుండా, చూచిరాత కాకుండా, నేను తెలుగులో రాసిన మొదటి వాక్యాలవి.

'నేను విన్నాను. ఒక పిలుపే విన్నాను. పలకలేదు.'

అత్త చదివింది. పుస్తకం మూసి చంకన పెట్టుకుని, కర్ర ఊనుకుంటూ వెళ్ళిపోయింది. మూడు రోజులు నన్ను వాకిట్లోకి రానివ్వలేదు. నాలుగో రోజు శనివారం. పన్నెండింటికి మా ఇంటి ముందు నిలబడి, నా మణికట్టు పట్టుకుని నడిపించింది. ఎక్కడికో అడగాల్సిన పని లేకపోయింది.

నన్ను ఇనుప తలుపు బయట, సరిగ్గా ఆ రోజు నిలబడిన చోట నిలబెట్టింది. తను కుంటుకుంటూ లోపలికి పోయింది. కర్ర చప్పుడు కొంతదూరం వినిపించి ఆగింది. విరిగిన దూలాన్ని ఎవరూ తీయలేదు. తలుపు సందులోంచి చూస్తే ఆ దూలం పక్కన ఆమె తెల్లచీర మసగ్గా కనిపించింది. పైన గబ్బిలాలు మళ్ళీ చేరాయి. ఏ చప్పుడూ లేదు. అత్త చేతులు రెండూ కిందికే ఉన్నాయి. గొంతు పట్టుకోలేదు.

"సరోజా..."

అదే గొంతు. బావిలోంచి లాగినట్టు, మధ్యలో తెగినట్టు. నా లోపల ఇరవై ఏళ్ళ భయం రెండో పిలుపు కోసం లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండోది రాదని తెలుసు. ఆమె పిలవదు. ఆ రోజు నాకు వినిపించింది ఒక్కటే కాబట్టి ఈ రోజూ ఒక్కటే పిలుస్తుంది.

"వస్తాండానత్తా" అని అరిచి లోపలికి పరిగెత్తాను.

వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత పెదవులు కదిపి, బొంగురుగా అంది.

"లోపల పడిండేది గోడౌనువాడే అనుకో. వాడూ మనిషేగా. పిలిచె గదా."

"సత్తం వచ్చిందత్తా, బాగా వచ్చింది" అన్నాను ఏడుస్తూ. అడగకుండానే చెప్పాను.

"నువ్వు చెప్పొద్దు. నీ మాట నేను నమ్మను" అంది. అందులో కోపం లేదు, అదే నాకు కోతగా తగిలింది. కర్ర ఎత్తి పైకి చూపించింది. ఇరవై జతల చెవులు, అన్నీ ఆమె వైపే తిరిగి ఉన్నాయి. "నేను పిలిస్తానే అవి తిరిగినాయి. నాకది చాలు."

ఆ రోజు నుంచి ఆండాళత్త మళ్ళీ మాట్లాడింది. నా మీద కోపం కూడా ఎక్కువ రోజులు పెట్టుకోలేదు. పుస్తకం పూర్తి చేయించింది, పరీక్ష రాయించింది, నేను టీచరునైన రోజున లైన్లంతా తిరిగి చక్కెర పంచింది. మిల్లు మూతపడి సంగు ఆగిపోయాక, కాళ్ళకు ఇంక పొద్దు తెలియడం లేదని నవ్వేది. కానీ 'సత్తం వచ్చిందా' అని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పోయేదాకా అడగలేదు. నేను ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్న కోసం ఎదురుచూసేదాన్ని. ఆమె వేళ్ళు గొంతు మీద పెట్టుకుని, మాట చెప్పి, కిటికీ వైపు చూసేది.

నేను ఇప్పుడు మొదటి పిలుపుకే పలుకుతాను. మార్కెట్లో ఇంకో సరోజను పిలిచినా పలుకుతాను, జనం నవ్వినా సరే. క్లాసులో వెనక బెంచీలో నోరు విప్పని పిల్లలుంటే వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళేదాన్ని. పిలవని వాళ్ళెవరో, పిలిచినా వినపడని వాళ్ళెవరో బయట నిలబడి తేల్చడం నాకు చేతకాదని తెలుసు.

మొన్న వాచ్‌మన్ వెళ్ళిపోయాక కూడా నేను ఆ స్తంభం దగ్గరే ఉన్నాను. ఇక్కడ నన్ను అందరూ మామీ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. వాన చప్పుడు కొంచెం తగ్గింది. కార్ల వెనక, వెలుగు అందని ఆ చివర నుంచి, ఒక్కసారి నా పేరు వినిపించింది.

"వస్తాండానత్తా" అన్నాను.

గొట్టం దగ్గరున్న రెండు గబ్బిలాల చెవులూ నా వైపు తిరిగాయి. నా సత్తం వచ్చింది. పిలిచింది ఎవరైనా సరే, నేను ఆ చివరి దాకా నడిచి వెళ్ళి చూశాను.